అత్తగారు ‘ఎలాగైనా సరే’ అంటే కాస్త ఆగండి

ప్రశ్న: మేం బెంగళూరులో రామమూర్తినగర్‌లో ఉంటాం. వేసవి సెలవులకి తెనాలి నుంచి మా అత్తయ్య, మామయ్య వస్తున్నారు. ఏప్రిల్ చివర్లో అందరం కలిసి మైసూరు అవతల కబిని జలాశయం దగ్గర అడవి అంచున ఉన్న ఒక లాడ్జికి వెళ్దామని శనివారం రాత్రికి రెండు గదులు బుక్ చేశాం. డబ్బు బాగానే అయింది. ఇప్పుడు ఎలా వెళ్లాలన్న దాని మీద ఇంట్లో రోజూ గొడవే. మావారు పెద్ద క్యాబ్ మాట్లాడదాం అంటారు. మామయ్యగారు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు, ‘కారెందుకు దండగ, బస్సులో దర్జాగా పోదాం’ అని పట్టుబట్టారు. ఆయనకి షుగర్, ఇన్సులిన్ వేసుకుంటారు. మా ఏడేళ్ల బాబుకి కారూ పడదు, బస్సూ పడదు, అరగంటకే వాంతులు. పదమూడేళ్ల పాప అక్కడ సిగ్నల్ ఉండదట అని ఇప్పట్నుంచే మొహం ముడుచుకుంది. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, బీపీ. ఆవిడ మాత్రం పాపం ‘నాదేముంది, ఎలాగైనా సరే’ అంటున్నారు. పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నం భోజనం వేళకి చేరిపోవాలని మా ఆలోచన. మీరైతే ఎవరి మాట వింటారు?

సమాధానం:

మీ అత్తగారి మాట వింటాను. ఆవిడ ఏమీ అనలేదంటారా? అందుకే ముందు ఆవిడ చేత ఏదో ఒకటి అనిపించాలి.

మీ ఉత్తరంలో క్యాబ్ ఉంది, బస్సు ఉంది, సిగ్నల్ ఉంది, వాంతులు ఉన్నాయి. మోకాళ్ల నొప్పులున్న మనిషి మాత్రం ‘ఎలాగైనా సరే’ అని పక్కకు తప్పుకున్నారు. మన ఇళ్లలో ఆ వయసు ఆడవాళ్లు ఆ మాట అన్నాక ఏం చేస్తారో మీకూ తెలుసు. ప్రయాణం రోజు తెల్లవారుజామున లేచి అందరికీ కాఫీ ఇచ్చి, తాను మాత్రం సగం గ్లాసు తాగి వదిలేస్తారు. దారిలో నీళ్ల సీసా అందిస్తే ‘దాహం లేదమ్మా’ అంటారు. దాహం లేక కాదు, మధ్యలో బాత్రూంకి వెళ్లాల్సి వస్తే ఎవరితో చెప్పాలి, ఎక్కడ ఆపమనాలి, అక్కడ కూర్చుని లేవగలనా అన్న బెంగ. ఏప్రిల్ ఎండలో బీపీ మాత్ర వేసుకున్న మనిషి ఆరేడు గంటలు నీళ్లు తాగకుండా కూర్చుంటే కళ్లు తిరగడానికి ఇంకేం కావాలి? అందులో కొన్ని బీపీ మాత్రలు ఒంట్లో నీటిని బయటికి పంపేవే. అత్తయ్య వాడేది అలాంటిదైతే ప్రయాణం రోజు ఏ వేళకి వేసుకోవాలో డాక్టర్ని ముందే అడగండి. సొంతంగా మానిపించొద్దు.

కాబట్టి ఈ ప్రయాణాన్ని నేనైతే ఆవిడ ధైర్యంగా నీళ్లు తాగగలిగేలా కడతాను. అలా కట్టుకుంటూ వస్తే బాబు వాంతుల సమస్యకీ, మామగారి పంతానికీ అందులోనే దారి దొరుకుతుంది.

మీ ఇంటి నుంచి కబిని దాకా రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది. బెంగళూరు నుంచి మైసూరు దాదాపు నూట నలభై అయిదు, అక్కణ్నుంచి హెచ్.డి.కోటె అనే ఊరి మీదుగా, లాడ్జిలున్న కారాపుర వైపు ఇంకో డెబ్బై, ఎనభై. మ్యాపులో చూస్తే ‘అయిదు గంటలే కదా’ అనిపిస్తుంది. మ్యాపుకేం, దానికి మోకాళ్లు లేవు. రామమూర్తినగర్ నుంచి ఊరు దాటి మైసూరు రోడ్డు అందుకోవడానికి పట్టే సమయం కలపండి, బాబు కోసం ఆగే సమయం కలపండి, టిఫిన్ కలపండి. అంతా కలిపితే పొద్దున ఆరింటికి బయల్దేరినా భోజనం వేళకి హడావిడిగానే చేరతారు.

చేరడంలో ఆలస్యం అయితే పోయేది భోజనం ఒక్కటే కాదు. ఇలాంటి లాడ్జిల్లో ఒక రాత్రి ప్యాకేజీ అంటే మామూలుగా మధ్యాహ్నం చేరిక, సాయంత్రం ఒక సఫారీ, మర్నాడు తెల్లవారి ఇంకో సఫారీ, టిఫిన్ చేసి ఖాళీ చేయడం. మీరు కట్టిన డబ్బులో పెద్ద భాగం ఆ రెండు సఫారీలదే. మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో బండి కదిలిపోతే మీ కోసం మళ్లీ రాదు. అరగంట ట్రాఫిక్ జాముకి సగం డబ్బు నీళ్లపాలు. మీ వోచర్‌లో వేళలు ఒకసారి సరిచూసుకోండి. అందుకే నా మొదటి సలహా, శనివారం పొద్దున ఇంట్లోంచి బయల్దేరకండి. శుక్రవారమే మైసూరు చేరి రాత్రి అక్కడ పడుకోండి. ‘మావారికి సెలవు దొరకదు’ అంటారేమో. ఒక్క రోజు సెలవు పెట్టలేని మనిషి రెండు గదులు బుక్ చేసి ఉండకూడదు.

ఇక క్యాబ్ సంగతి. మీవారిది చెడ్డ ఆలోచనేమీ కాదు. కావలసిన చోట ఆపుకోవచ్చు, సామాను మోయక్కర్లేదు. కానీ ఆరుగురు ఎక్కితే ఏమవుతుందో ఊహించుకోండి. ముందు సీట్లో మామగారు, మధ్యలో మీరు ముగ్గురు, ఆ వెనక మూడో వరసలో పిల్లలిద్దరు, వాళ్ల కాళ్ల దగ్గర బ్యాగులు. వాంతులయ్యే పిల్లాడికి ఆ మూడో వరస కంటే అన్యాయమైన చోటు ఇంకోటి లేదు. కుదుపంతా అక్కడే, కిటికీ సరిగా తెరుచుకోదు, ఎదురుగా సీటు వీపు తప్ప దూరంగా ఏమీ కనిపించదు. పెద్దవాళ్లని అక్కడికి తోయలేరు, మోకాళ్లు వంగవు. అయిదు గంటలు అలా వద్దు. చివరి గంట అయితే ఓర్చుకోవచ్చు, అక్కడ వాడుకుందాం.

బస్సు సంగతి కూడా నిజమే చెప్పుకోవాలి. మైసూరు రోడ్డు శాటిలైట్ బస్టాండులో ఎక్కితే నాన్‌స్టాప్ బస్సులు ఎక్స్‌ప్రెస్‌వే మీద దూసుకుపోతాయి. 2023లో ఆ రోడ్డు తెరిచాక రామనగర, చన్నపట్న, మద్దూరు, మండ్య ఊళ్లను తగలకుండానే మైసూరు వచ్చేస్తుంది. మామగారికి మజాగా ఉంటుంది, అత్తగారికి రెండున్నర, మూడు గంటలు బాత్రూం లేదు. పాత రోడ్డు మీద ఊరూరా ఆగే ఎర్ర బస్సు ఎక్కితే నాలుగు గంటలు, బస్టాండుల్లో బాత్రూంలుంటాయి. ఉంటాయి గానీ చాలా చోట్ల కింద కూర్చునేవి. మోకాళ్లు వంగని మనిషికి అవి ఉన్నా లేనట్టే. పైగా డ్రైవరు ఇంజిన్ ఆపకుండా హారన్ కొడుతుంటే లోపల ఆవిడ గోడ పట్టుకుని లేవాలి. ఇదంతా మీ అత్తగారు ఈపాటికి మనసులో ఒకసారి తిరిగి చూసుకునే ఉంటారు. ‘ఎలాగైనా సరే’ అన్నది అందుకే.

మరి దారి ఏది అంటే, మైసూరు దాకా రైలు. ఈ ఒక్క మాట మీ ఇంట్లో ఎవరికీ ఎందుకు తట్టలేదో నాకు ఆశ్చర్యంగా ఉంది. బెంగళూరు, మైసూరు మధ్య రోజంతా రైళ్లున్నాయి, రెండు మూడు గంటల ప్రయాణం. పెట్టెలో వెస్ట్రన్ బాత్రూం ఉంటుంది, కడ్డీ పట్టుకుని లేవచ్చు, ఎవరినీ ఆపమని అడగక్కర్లేదు. అత్తయ్య గంటకోసారి లేచి నాలుగడుగులు వేయొచ్చు. ఎక్కువసేపు కదలకుండా కూర్చుంటే పెద్దవాళ్లకి పాదాలు వాస్తాయి, కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఉంది. బాబుకి కూడా మేలు, బస్సు పడని పిల్లలు చాలామంది రైల్లో హాయిగా ఉంటారు. మీకు బెన్నిగానహళ్లిలోనో కె.ఆర్.పురంలోనో పర్పుల్ లైన్ మెట్రో ఎక్కితే నేరుగా మెజెస్టిక్ రైల్వే స్టేషన్ దగ్గర దిగొచ్చు. 2023 అక్టోబరు నుంచి ఆ లైన్ వైట్‌ఫీల్డ్ దాకా పూర్తయింది, స్టేషన్లలో లిఫ్టులున్నాయి. సెలవుల రోజులు కాబట్టి సీట్లు రిజర్వ్ చేసుకోండి, జనరల్ పెట్టెలో పెద్దవాళ్లతో సాహసాలొద్దు.

శుక్రవారం మధ్యాహ్నానికి మైసూరు చేరితే, స్టేషన్‌కి దగ్గరలో లిఫ్టు ఉన్న హోటలు చూసుకుని పెద్దవాళ్లని పడుకోబెట్టండి. సాయంత్రం చాముండి కొండ, జూ, బృందావన్ గార్డెన్స్ అన్నీ చుట్టబెట్టేయాలని చూడకండి. రేపటి ప్రయాణానికి వాళ్ల ఓపిక మిగలాలి.

ఇప్పుడు మామగారి బస్సు. ఆయన్ని మోసం చేయొద్దు, ఆయనకి బస్సు ఇవ్వాల్సిందే. మైసూరు నుంచి హెచ్.డి.కోటెకి యాభై కిలోమీటర్ల లోపే, గంటన్నర అనుకోండి. బస్సులు తరచుగా ఉంటాయి. శనివారం పొద్దున టిఫిన్ చేసి గంట ఆగి, ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య ఎక్కండి. ఎండ ముదరకముందే కోటెలో ఉంటారు. ఏసీ లేని ఎర్ర బస్సు, తెరిచిన కిటికీలు, ఊరూరా హంపులు, ఎక్కే దిగే జనం, కండక్టరు టికెట్ల కోసం అరవడం. మీ మామగారు కోరుకుంటున్న బస్సు ఇదేనని నా అనుమానం. ఎక్స్‌ప్రెస్‌వే మీద కిటికీలు బిగించుకుని పోయే బస్సులో ఆయనకి చూడటానికి ఏముంటుంది?

ఇక్కడ ఒక చిన్న తమాషా జరుగుతుంది, ముందే చెప్పి ఉంచుతున్నాను. కర్ణాటకలో 2023 జూన్ నుంచి శక్తి పథకం కింద ఆడవాళ్లకి మామూలు సర్కారు బస్సుల్లో ప్రయాణం ఉచితం. రాష్ట్రంలో ఉంటున్నట్టు గుర్తింపు కార్డు చూపించాలి, కండక్టరు సున్నా టికెట్ ఇస్తాడు. మీ ఆధార్‌లో, పాప ఆధార్‌లో బెంగళూరు అడ్రసు ఉంటే మీ ఇద్దరికీ ఫ్రీ. అత్తయ్య ఆధార్‌లో తెనాలి ఉంటుంది కాబట్టి ఆవిడకి టికెట్ కొనాల్సిందే. ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఫ్రీగా తిరుగుతున్నావిడ ‘ఇక్కడ నాకెందుకు లేదు’ అని అడుగుతారు. మామగారు కండక్టరు తరఫున మాట్లాడతారు. అడ్డుపడకండి, గంటన్నర ఇట్టే గడిచిపోతుంది.

బస్సులో కూర్చునే తీరు ముఖ్యం. వెనక చక్రం మీద సీట్లలో ఎవరూ కూర్చోవద్దు. ముందు భాగంలో, కిటికీ పక్కన బాబు, వాడి పక్కన మీరు. అత్తయ్యకి నడవా పక్క సీటు, కాలు చాపుకోవడానికి. ఆ బస్సులకి మొదటి మెట్టు ఎత్తుగా ఉంటుంది. ఎక్కేటప్పుడు నొప్పి తక్కువున్న కాలు ముందు పెట్టమనండి, దిగేటప్పుడు నొప్పి ఎక్కువున్న కాలు ముందు కిందకి దించమనండి. ఫిజియోథెరపీ వాళ్లు మెట్ల మీద నేర్పేది ఇదే. పైన ఒకరు, కింద ఒకరు నిలబడండి, కానీ చంకలో చేయి వేసి లాగకండి, ఆవిడకి కడ్డీ పట్టుకోనివ్వండి. చక్రాల సూట్‌కేసులు ఈ బస్సులో పెద్ద తలనొప్పి. ఒక రాత్రికి మెత్తటి బ్యాగులు చాలు.

బాబు గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. కళ్లు లోపలి సీటునో ఫోన్‌నో చూస్తూ ‘కదలట్లేదు’ అంటాయి, చెవి లోపలి భాగం ‘కదులుతున్నాం’ అంటుంది. ఆ రెంటికీ పొంతన కుదరకే కడుపులో తిప్పుతుంది. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల మధ్య పిల్లల్లో ఇది ఎక్కువ, పెద్దయ్యాక చాలామందికి తగ్గిపోతుంది. కాబట్టి ఫోన్ వద్దు, బొమ్మల పుస్తకం వద్దు, అక్క ఫోన్‌లోకి తొంగి చూడటం అసలే వద్దు. దూరంగా కనిపించే చెట్లు, గుట్టలు చూడమనండి. ఖాళీ కడుపుతో తీసుకెళ్లకండి, నిండా పెట్టి కూడా తీసుకెళ్లకండి. రెండు ఇడ్లీ, కొంచెం చట్నీ. పాలు, పూరీ, నూనె ఓడే పులిహోర వద్దు. పులిహోర అత్తయ్య ఎలాగూ చేసి తెస్తారు, అది పెద్దవాళ్లు తినొచ్చు.

వాంతికి ముందు పిల్లలు చెప్పరు, కానీ తెలుస్తుంది. అప్పటిదాకా వాగుతున్నవాడు ఉన్నట్టుండి మాట మానేస్తాడు. ఆవలింతలు మొదలవుతాయి. పెదాల చుట్టూ పాలిపోయి, నుదుటి మీద సన్నగా చెమట పడుతుంది, నోట్లో నీళ్లూరి మాటిమాటికీ మింగుతుంటాడు. అప్పటికి మీకు రెండు మూడు నిమిషాలు ఉంటాయి. కవరు బ్యాగు అడుగున కాదు, మీ చేతిలో ఉండాలి. రెండు కవర్లు ఒకదాంట్లో ఒకటి పెట్టి, చిల్లు ఉందేమో ముందే చూసుకోండి. తడి గుడ్డ, ఒక చొక్కా పైన పెట్టుకోండి. నిమ్మకాయ వాసన చూపిస్తే తగ్గుతుందని మన వాళ్ల నమ్మకం, దాంతో నష్టమేమీ లేదు. కానీ అయిదు నిమిషాలకోసారి ‘కన్నా, వాంతి వస్తోందా?’ అని అడగడం మాత్రం మానేయండి. రానివాడికి కూడా వస్తుంది.

మాత్ర వేయాలంటే పిల్లల డాక్టర్ని అడిగి, బాబు బరువుకి తగిన మోతాదు రాయించుకోండి. బయల్దేరే ముందు అరగంట, గంట ముందే వేయాలి, తిప్పడం మొదలయ్యాక వేస్తే పెద్దగా ఉపయోగం ఉండదు. మందు మత్తుగా ఉంటుంది కాబట్టి సఫారీ వేళకి వాడు నిద్రపోకుండా వేళ చూసుకోండి. ఇంకో మాట. ఇంట్లో ఆ మాత్రల పట్టీ ఉంది కదా అని ‘అత్తయ్యా, మీకూ ఒకటి’ అని పంచిపెట్టకండి. వాటిలో చాలావరకు పెద్దవాళ్లకి మగత తెస్తాయి, తూలి పడేలా చేస్తాయి, ఒక్కోసారి మూత్రం ఆగిపోయేలా కూడా చేస్తాయి.

హెచ్.డి.కోటె నుంచి లాడ్జికి ఇంకో ఇరవై, పాతిక కిలోమీటర్లుంటుంది. ఈ ముక్కలోనే చాలామంది దెబ్బతింటారు. అక్కడ దిగి ఆటోనో జీపో చూసుకుందాంలే అనుకుంటారు. లోకల్ బస్సు దొరికినా అది దింపిన చోటు నుంచి లాడ్జి గేటు దాకా సామానుతో నడవాలి. లాడ్జి వాళ్లకి ఫోన్ చేసి, డబ్బు తీసుకుని కోటె బస్టాండుకి బండి పంపుతారా అని అడగండి. లేదా మైసూరు హోటల్లోనే చెప్పి ఒక టాక్సీని కోటెకి రప్పించుకోండి. మీవారి క్యాబ్ సరదా కూడా ఇక్కడ తీరిపోతుంది. పదకొండున్నరకల్లా లాడ్జిలో ఉంటారు. గది ఇంకా సిద్ధం కాకపోతే చెట్టు కింద కూర్చుని నీళ్లు తాగండి, అత్తయ్యతో సహా.

నిజం చెప్పాలంటే అత్తయ్య మోకాళ్లకి అసలు పరీక్ష దారిలో కాదు, జీపులో. సఫారీ జీపు బస్సు కంటే ఎత్తు, మట్టి బాట, మూడు గంటలు కుదుపు, మధ్యలో కిందకి దిగనివ్వరు, బాత్రూం మాట లేదు. కబినికి ఒక అదృష్టం ఉంది, అక్కడ పడవ సఫారీ కూడా ఉంది. జలాశయం మీద నెమ్మదిగా పోతుంది, ఒడ్డున ఏనుగులు, మొసళ్లు, పక్షులు కూర్చున్న చోటే కనిపిస్తాయి. పెద్దవాళ్లిద్దరికీ జీపు బదులు పడవ ఇవ్వమని ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి, అక్కడికి వెళ్లాక అడిగితే సీట్లు నిండిపోయి ఉంటాయి. పులి కనపడే అవకాశం జీపులో ఎక్కువ అని ఎవరో ఒకరు అంటారు. అననివ్వండి. జీపులో వెళ్లినా పులి కనపడాలని రూలేమీ లేదు.

మీరు ఎంచుకున్న నెల మాత్రం బాగుంది. 1974లో కబినికి ఆనకట్ట కట్టాక కాకనకోటె అడవిలో కొంత మునిగింది. ఇప్పుడు ఆ నీటికి ఒక పక్క నాగరహోళె, ఇంకో పక్క బందీపూర్, రెండూ పులులుండే రక్షిత అడవులే. వేసవిలో నీళ్లు దిగిపోయిన కొద్దీ అడుగున ఉన్న ఒండ్రు బయటపడి పచ్చగడ్డి మొలుస్తుంది. చుట్టూ అడవి ఎండిపోయి ఉంటుంది కాబట్టి ఏనుగులు ఆ గడ్డి కోసం, నీటి కోసం గుంపులుగా అక్కడికే దిగుతాయి. ఇదే కాకనకోటెలో మైసూరు రాజుల కాలం నుంచి 1971 దాకా ఖెడ్డాలు వేసి ఏనుగుల్ని పట్టేవారు. ఏనుగుల గుంపుని డప్పులతో, మంటలతో తరిమి దుంగల దొడ్లోకి తోసేవారు. మామగారు పడవలో కూర్చున్నప్పుడు పాపకి ఈ సంగతులు చెప్పమనండి, సిగ్నల్ బెంగ కాసేపు మర్చిపోతుంది. మర్చిపోకపోతే ఒక రాత్రి అలకతో ఎవరికీ ఏమీ కాదు.

మామగారి షుగర్ గురించి రెండు మాటలు. ఇన్సులిన్ పెద్ద బ్యాగులో పెట్టి బస్సు పైనో టాక్సీ డిక్కీలోనో వేయకండి, ఎండకి పాడైపోతుంది. చేతి సంచిలో తడి గుడ్డ చుట్టి, లేదా చిన్న ఫ్లాస్కులో పెట్టుకోండి, ఐసుకి నేరుగా తగలకూడదు. లాడ్జిలో ఫ్రిజ్ అడగండి. ప్రయాణంలో భోజనం అటూఇటూ అవుతుంది కాబట్టి, అన్నం ఎదురుగా వచ్చాకే ఇంజెక్షన్ అనే నియమం ఆయనకి కుదురుతుందో లేదో డాక్టర్ని అడగండి. సాయంత్రం సఫారీకి బయల్దేరితే రాత్రి భోజనం దాకా చాలా వ్యవధి ఉంటుంది. జేబులో గ్లూకోజ్ బిళ్లలో చక్కెర పొట్లమో ఉండాలి. చేతులు వణికి, చెమట పట్టి, ఉన్నట్టుండి చిరాకు పడితే అది ఆయన కోపం అనుకుని ఊరుకోకండి, ముందు చక్కెర నోట్లో వేయండి.

గదిలో తినుబండారాలు బయట పెట్టకండి, కోతులు తలుపు తెరిచేదాకా కాచుకుని ఉంటాయి. సఫారీకి తెలుపు, ఎరుపు లాంటి కొట్టొచ్చే రంగులు, సెంటు వద్దు. టోపీ, నీళ్లు చాలు.

తిరుగు ప్రయాణం ఆదివారం. పొద్దున సఫారీ, టిఫిన్ అయ్యాక టాక్సీలో నేరుగా మైసూరుకి రండి, ఈసారి బస్సు వద్దు, అందరూ అలిసిపోయి ఉంటారు. మధ్యాహ్నం రైలుకి సీట్లు ముందే తీసుకోండి. ఆదివారం రాత్రి ప్యాలెస్‌కి దీపాలు పెడతారు, చూసి వెళ్దాం అని ఎవరో అంటారు. సోమవారం సెలవుంటే ఇంకో రాత్రి ఉండి చూడండి, లేదంటే వదిలేయండి. ఆదివారం రాత్రి మైసూరు నుంచి బెంగళూరు వైపు వచ్చే జనంలో అత్తయ్యని నిలబెట్టొద్దు.

ఇప్పుడు మీరు చేయాల్సిన మొదటి పని. అత్తయ్యతో మీరే మాట్లాడండి, మీవారి చేత అడిగించకండి. కొడుకు ‘అమ్మా, వెళ్లగలవా, ఓపికుందా?’ అంటాడు, ఆవిడ ‘నాకేంరా’ అంటారు, అక్కడితో అయిపోతుంది. వంటింట్లో ఇద్దరే ఉన్నప్పుడు ‘అత్తయ్యా, రైల్లో వెస్ట్రన్ బాత్రూం ఉంటుంది, బస్సు గంటన్నరే, హోటల్లో కూడా అడిగాను’ అని వివరాలు చెప్పండి. ప్రశ్నలేమీ అడగక్కర్లేదు. ఆవిడ ఎదురు ప్రశ్నలు వేయడం మొదలుపెడితే ఈ ప్రయాణంలోకి వచ్చినట్టే. ‘జీపు వద్దులే, నేను గదిలో ఉంటా’ అంటే పడవ సంగతి చెప్పండి. అయినా వద్దంటే బలవంతం చేయకండి, వరండాలో కూర్చుని నీళ్లని చూడటం కూడా ఆవిడకి సెలవే.

రెండోది, సఫారీలు నడుస్తున్నాయో లేదో లాడ్జికి ఫోన్ చేసి కనుక్కోవడం. 2025 నవంబరులో పులి దాడుల్లో మనుషులు చనిపోయాక నాగరహోళె, బందీపూర్ రెండు చోట్లా సఫారీలు ఆపేశారు. అలాంటి ఆదేశం వస్తే రాత్రికి రాత్రే వస్తుంది. సఫారీ లేకపోతే డబ్బు వెనక్కి ఇస్తారా, తేదీ మార్చుకోనిస్తారా అన్నది రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి. అదే ఫోన్‌లో పడవ, బండి, ఫ్రిజ్, భోజనశాలకి దగ్గరగా మెట్లు లేని గది కూడా అడిగేయండి.

ఈ ఫోన్ మామగారి చేత చేయించండి. రైలు టికెట్లు, బస్సు వేళలు, ఎవరు ఏ సీట్లో అన్నదీ ఆయనకే అప్పగించండి. ఇంతకాలం ఊళ్లకి ఊళ్లనే బస్సెక్కించిన మనిషికి ఆరుగురిని కబిని చేర్చడం ఒక లెక్క కాదు. రైలు మాట వినగానే కొంచెం గునుస్తారు, హెచ్.డి.కోటె బస్సు మాట చెప్పి ఊరుకోబెట్టండి.